తువ్వాలు వేసిన సీటు

ఆ రోజుకు విశ్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వనస్థలిపురంలో బస్సెక్కాలి. పదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో డెమో క్లాసు చెప్పాలి. మధ్యాహ్నానికల్లా ఉద్యోగంతో ఇంటికి రావాలి. ఈ లోపల ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదు. ఈ చివరి అంశాన్ని ఆయన భార్య అమ్మాజీ చేర్చింది.

ఆయన పద్దెనిమిదేళ్ళుగా గ్రూప్స్ రాసే పిల్లలకు రాజ్యాంగం, చట్టాలు చెబుతున్న మేష్టారు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక నోటిఫికేషన్లు ఆగిపోయాయి, పిల్లలు ధర్నాల బాట పట్టారు, ఆయన పనిచేసే సెంటరు రెండు నెలల కిందట దించిన షట్టరు మళ్ళీ ఎత్తలేదు. ఇన్నాళ్ళకు ప్రసన్నకుమార్ అనే మరో సెంటరు డైరెక్టరు, "ఒక్క క్లాసు చెప్పి చూపించండి, నచ్చితే రేపట్నించే రండి" అన్నాడు. చెప్పాల్సిన పాఠం, చట్టాలలో రకాలు, సాంఘిక కట్టుబాట్లకూ వాటికీ ఉన్న తేడా. అది విశ్వేశ్వరరావుకు వెన్నతో పెట్టిన విద్య.

చిక్కేమిటంటే, ఆ విద్యను ఆయన క్లాసులో వదిలిపెట్టి రాడు. పక్కింటావిడ కరివేపాకు అడిగితే అది దానమా, బదులా ముందు తేల్చుకోమంటాడు. ఓ పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని, వడ్డన ఆలస్యమైతే దావా ఎవరి మీద వెయ్యాలో పక్కవాడికి వివరించాడు. పక్కవాడు పెళ్ళికూతురు మేనమామ.

"చొక్కా ఇస్త్రీ చేశాను. నోట్సు సంచీలో పెట్టాను. నోరు ఒక్కటే మీ దగ్గరుంది, జాగ్రత్త," అంది అమ్మాజీ గుమ్మంలో నిలబడి.

సమ్మె విరమించి బస్సులు రోడ్డెక్కి మూడు రోజులే అయింది. స్టాపులో ఇసకేస్తే రాలనంత జనం. బస్సు ఇంకా ఆగకముందే ఒక ముసలామె కిటికీలోంచి ముందు సీటు మీదికి గళ్ళ తువ్వాలు విసిరి, ఇక తొందరేమీ లేనట్టు ఒక్కో అడుగే వేసుకుంటూ తలుపు వైపు బయల్దేరింది. ఆమె పేరు అండాలమ్మ. నల్లగొండ పల్లెలోంచి కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

విశ్వేశ్వరరావు ఆమెకంటే ముందే ఎక్కాడు. ఎక్కాడనడం కంటే జనం ఎక్కించారనడం న్యాయం. లోపల నలభై మంది నిలబడి ఉన్నారు. ముందు సీటు ఒక్కటీ ఖాళీగా ఉంది, దాని మీద తువ్వాలు ఉంది మరి. ఆయన తువ్వాలు వంక చూశాడు. నోట్సు ఒక్కసారి తిరగెయ్యాలనుకున్నాడు. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, కిటికీ కడ్డీకి తగిలించి కూర్చున్నాడు. నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

"ఓ సారూ, లెవ్వు. గది నా సీటు. తువ్వాల ఏసిన గద," అంది అండాలమ్మ వచ్చి.

"చూడమ్మా, తువ్వాలు వేసినంత మాత్రాన హక్కు రాదు. నీ టిక్కెట్టు మీద సీటు నంబరేవన్నా ఉందా?"

"నంబరెందుకు? తువ్వాల ఉన్నది. మోకాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా. దవాఖానకే పోతున్న. కూసుంటె లేవరాదు, నిలవడితె నిలవరాదు."

ఈ మాటకు విశ్వేశ్వరరావు సగం లేచాడు కూడా. చెడ్డవాడు కాదు. కానీ సరిగ్గా అప్పుడే కండక్టరు రామస్వామి జనాన్ని తోసుకుంటూ వచ్చి, "లెవ్వుండ్రి సార్. తువ్వాల ఏసినంక గది ఆమె సీటే. రూల్ అంటే రూలే," అన్నాడు.

రూలు అన్న మాట వినగానే విశ్వేశ్వరరావు మళ్ళీ కూర్చున్నాడు.

"ఏ రూలు? ఎక్కడుంది? చట్టాలు ముఖ్యంగా రెండు రకాలయ్యా. నేను దొంగతనం చేశాననుకో, సర్కారే కేసు పెట్టి జైల్లో వేస్తుంది. అది క్రిమినల్. నీ స్థలంలో గోడ కట్టాననుకో, నువ్వు కోర్టుకెళ్ళి నీ స్థలం, నష్టపరిహారం తెచ్చుకుంటావు. అది సివిల్. తువ్వాలు తీస్తే జైలూ లేదు, దావా లేదు. ఇది ఉత్త కట్టుబాటు. తప్పితే ఏవవుతుంది? పదిమందీ మొహం చిట్లిస్తారు. అంతే."

బస్సులో ఉన్న ఎనభై మందీ చిట్లించారు.

"లేడీస్ సీటు గద సార్! పైన రాసున్నది సూడుండ్రి," అన్నారెవరో వెనక నుంచి.

విశ్వేశ్వరరావు తలెత్తి, క్లాసులో చదివినట్టే గట్టిగా చదివాడు. "'స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం.' చూశారా? సంప్రదాయం అని రాశారు, చట్టం అని రాయలేదు. రాసినవాడికి తేడా తెలుసు."

ఎల్బీనగర్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర బస్సు ఆగగానే అండాలమ్మ కడ్డీ మీది తువ్వాలు లాక్కుంది. "గీ బస్సుల న్యాయం లేదు," అంటూ దిగింది. బస్సుకు ఎదురుగా వెళ్ళి, నడిరోడ్డు మీద తువ్వాలు పరిచి కూర్చుంది. "ఇగ ఎట్ల కదుల్తదో సూస్త!"

ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో, ఎల్బీనగర్‌లో ఆగిన బస్సునూ, దాని ముందు కూర్చున్న మనిషినీ చూస్తే ఎవరికైనా తట్టేది ఒక్కటే, రాస్తారోకో. వెనక బైకుల మీద ఉన్న ఇద్దరు దిగి ఆమె పక్కన కూర్చున్నారు. కాలేజీకి పోతున్న కుర్రాళ్ళు "జై తెలంగాణ!" అన్నారు. ఎదురుగా రిలే నిరాహార దీక్ష టెంటులో పేపరు చదువుతున్న మహిపాల్ ఉలిక్కిపడి లేచాడు. ఆ టెంటుకు అతనే నాయకుడు.

"మనకు చెప్పకుంట రాస్తారోకో ఎవలు పెట్టిండ్రే?" అని మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఐదు నిమిషాల్లో బ్యానరు వచ్చింది. మరో ఐదు నిమిషాలకు డప్పులొచ్చాయి. ఆ తర్వాత మూడు రాళ్ళు, ఒక పెద్ద గిన్నె వచ్చి, వంటావార్పు కింద ఉప్మా మొదలైంది. బళ్ళు ఇటు వనస్థలిపురం దాకా, అటు కొత్తపేట దాకా నిలిచిపోయాయి.

"అవ్వా, ఏం డిమాండ్ మీద కూసున్నవ్?" మహిపాల్ మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ఒకాయన నా తువ్వాల దీసి నా సీట్ల కూసున్నడు."

మహిపాల్ అర నిమిషం ఆలోచించాడు. నాయకుడికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. "ఇన్నరా అన్నలారా! అరవై ఏండ్ల సంది జరుగుతున్నది గిదే గద! మనం తువ్వాల ఏస్తం, ఎవడో ఒచ్చి మడతవెట్టి కూసుంటడు!"

ఆ కేకలకు బస్సు అద్దాలు గలగలలాడాయి. లోపల విశ్వేశ్వరరావుకు సీటు కాలుతున్నట్టయింది. గడియారం చూస్తే పది కావడానికి ఇరవై నిమిషాలుంది. దిగి, జనంలో దూరి, అండాలమ్మ పక్కన వంగాడు.

"అమ్మా, తప్పు నాదే. సీటు మీరే తీసుకోండి. దయచేసి లేవండి. పదింటికి నా ఉద్యోగం..."

"నేనెప్పుడు లేవనంటిని? లేవరావట్లే బిడ్డా! మోకాళ్ళు పట్టేసినయ్," అని ఆమె దిగులుగా తల అడ్డంగా ఊపింది.

మహిపాల్ దూరం నుంచి ఆ ఊపడం మాత్రమే చూశాడు. "అవ్వ ఎవలెంత బతిలాడినా లేవనంటున్నది!" అని ప్రకటించాడు. డప్పులు రెట్టింపయ్యాయి.

"అవ్వా, గా తువ్వాల దీసినోడు ఏడున్నడు? సూపియ్యి!" అన్నారు కుర్రాళ్ళు చొక్కా చేతులు పైకి మడుస్తూ.

విశ్వేశ్వరరావుకు చట్టం గుర్తొచ్చింది. మనిషిని కొట్టడం నేరమే, కానీ ఆ సెక్షను దెబ్బలు తిన్నాక గానీ పనికి రాదు. అండాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది.

"ఎప్పుడో దిగిపోయిండు," అంది. "అయినా బస్సుల కొట్లాట బస్సులనే ఉండాలె. రోడ్డు మీదికి తేవద్దు."

దాన్ని రోడ్డు మీదికి తెచ్చింది తానేనని ఆమెకు గుర్తు రాలేదు. విశ్వేశ్వరరావు గుర్తు చెయ్యలేదు. జీవితంలో ఆయన వాదించకుండా వదిలేసిన మొదటి పాయింటు అదే. ఆయనకు సిగ్గేసింది, కళ్ళు కూడా చెమర్చాయి.

ఇంతలో పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగుతూనే, "ఫస్ట్ కూసున్నదెవలు?" అన్నాడు. అందరూ గర్వంగా అండాలమ్మను చూపించారు.

"దారికి అడ్డం కూసునుడు. సెక్షన్ మూడు వందల నలభై ఒకటి. జీపెక్కించుండ్రి."

ఆ సెక్షను విశ్వేశ్వరరావు పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాడు. ఎస్సై చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదని ఆయనకు తెలుసు. అయినా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆగండి సార్. ఆవిడ తువ్వాలు వేసుకుని కూర్చుంది."

"అయితే?"

"తువ్వాలు వేసిన చోటు ఆవిడదే కదండీ."

"ఏ చట్టంల ఉన్నది సారూ గది?"

"ఏ చట్టంలోనూ లేదండీ. మీరు ఊరికి బస్సులో వెళ్తారు కదా. ఎవరి తువ్వాలైనా తీసి కూర్చున్నారా ఎప్పుడన్నా?"

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఎట్ల తీస్తం సార్?" అని నోరుజారాడు. జనం ఈలలు వేశారు. బస్సు తలుపు దగ్గర నిలబడి ఉన్న రామస్వామి మాత్రం నోరు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"సరే, కేసు లేదు. ముందు లేవమనుండ్రి," అన్నాడు ఎస్సై.

"హామీ లేకుంట ఎట్ల లేస్తరు? ధర్నాకు ఒక పద్ధతుంటది," అన్నాడు మహిపాల్, మైకు చాచి.

హామీ విశ్వేశ్వరరావే ఇచ్చాడు. "ఈ బస్సులో ముందు సీటు ఈ అమ్మదే. తువ్వాలు ఉన్నా, లేకపోయినా." ఒక చంక కింద ఆయన, మరో చంక కింద ఎస్సై చెయ్యి వేసి ఆమెను లేపారు. మోకాళ్ళు టకటకమన్నాయి. మహిపాల్ విజయం ప్రకటించాడు. ఉప్మా పోలీసులతో సహా అందరికీ అందింది.

బస్సులో అండాలమ్మ సీటులో ఓ పక్కకు ఒదిగింది. "జరంత జరిగిన. ఇద్దరం పడ్తం, కూసో బిడ్డా."

"వద్దమ్మా," అని విశ్వేశ్వరరావు దిల్‌సుఖ్‌నగర్ దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

కోచింగ్ సెంటర్ చేరేసరికి పదకొండున్నర. ఉద్యోగం పోయిందనే అనుకుంటూ మెట్లెక్కాడు. కానీ పిల్లలందరూ ఆ జామ్‌లోనే చిక్కుకుని అప్పుడే వస్తున్నారు. ప్రసన్నకుమార్ కూడా ఆయన వెనకాలే వచ్చాడు, జేబు మీద ఉప్మా ఆవాలతో.

"రండి మేష్టారూ. ముందు అలా కూర్చోండి," అని బల్ల ముందు కుర్చీ చూపించాడు.

విశ్వేశ్వరరావు కూర్చోబోయి ఆగాడు. కుర్చీలో మడత పెట్టిన గుడ్డ ఒకటి ఉంది. దాన్ని భయంగా, భక్తిగా చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పర్లేదండీ, నిలబడతాను."

మాటలన్నీ నిలబడే మాట్లాడాడు. టీ నిలబడే తాగాడు. క్లాసు ఎలాగూ నిలబడే చెప్పాడు. చట్టం తప్పితే సర్కారు శిక్షిస్తుందనీ, కట్టుబాటు తప్పితే ఎవరు శిక్షిస్తారో, ఎవరు కాపాడతారో ముందే చెప్పలేమనీ ఆ రోజు కొత్తగా చేర్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంత అనుభవం ఉండి ఇంత వినయం ఎక్కడా చూడలేదని ప్రసన్నకుమార్ మర్నాటి నుంచే రమ్మన్నాడు.

కుర్చీలో ఉన్నది పొద్దున అటెండరు బల్లలు తుడిచి మరిచిపోయిన గుడ్డ.