తలుపు రాయి

తూనికలు, కొలతల శాఖలో పనిచేసినన్నాళ్లూ ఆయన ఏ తక్కెడనూ యజమాని మాట మీద నమ్మలేదు. "రుజువేదీ?" అనేవారు. జనం ఆయన పేరు మరిచిపోయి 'రుజువుగారు' అని ఖాయం చేశారు. పదవీ విరమణతో తక్కెడలు పోయాయి. ప్రశ్న మిగిలింది, అడగడానికి మనుషులు మిగలలేదు.

ఇంట్లో ఆయన, భార్య, ఒక గోడగడియారం. ముగ్గురిలోకీ గడియారమే వాగుడుకాయ.

"ఏమోయ్, ఈ వార్తకు ఆధారం ఏమిటంటావ్?"

"కాళ్లెత్తండి, ఊడవాలి."

"ఆధారం సంగతి?"

"మీకు కుర్చీ ఆధారం. నాకు చీపురు. ఎత్తండి."

అలాంటి సంభాషణలతో రోజు గడవదని గ్రహించి, ఆయన రాళ్లు సేకరించేవారి సంఘానికి బయలుదేరారు. దాని అధ్యక్షుడు రిటైరైన పళ్ల డాక్టరు. ప్రతి రాయినీ నోరు తెరవమన్నట్టు భూతద్దంతో చూసి, చిన్న సుత్తితో తట్టి, పాత అలవాటు కొద్దీ "నొప్పిగా ఉందా?" అనేవారు.

సభ్యుడు కావాలంటే స్వయంగా ఏరిన రాయి తేవాలన్నారు. రుజువుగారి మోకాళ్లు ఒప్పుకోలేదు. వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆనించిన ఆకుపచ్చ రాయి మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

"వంతెన దగ్గర వాగులో దొరికింది," అన్నారు సంఘంలో, జీవితంలో మొదటిసారి రుజువు లేకుండా.

డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "మన వాగులోనా? అద్భుతం! ఆదివారం అందరం వెళ్లి ఆ చోటు చూద్దాం. ఒట్టి మాట మీద నమ్మడం మా పద్ధతి కాదు. మీకు తెలియనిదేముంది!"

ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో కాఫీ అందించారు. ఇన్నాళ్లకు పదిమంది తనవైపు తిరిగి కూర్చున్నారు. ఆ వెచ్చదనంలో నిజం ఆయన గొంతులోనే ఉండిపోయింది.

ఇంటికి రాగానే వంటింటి తలుపు ఢామ్మంది.

"తలుపు రాయి ఏదండీ?"

"గాలి ఎక్కువగా ఉంది."

"గాలి వచ్చి రాయిని ఎత్తుకుపోయిందా?"

"అసలక్కడ రాయి ఉండేదని రుజువేమిటి?"

తలుపు మళ్లీ ఢామ్మంది.

శనివారం సాయంత్రం ఆయన పూలకుండీ కింది నల్లరాయినీ, పేపర్ల మీది ఎర్రరాయినీ, పెరటి మెట్టు పక్క తెల్లరాయినీ సంచిలో వేసుకుని వాగులో పాతి వచ్చారు. ఒక్క నిజమైన రాయి కోసం వంగని మోకాళ్లు మూడు దొంగరాళ్ల కోసం కిక్కురుమనకుండా వంగాయి.

ఆదివారం భార్య గొడుగుతో గుమ్మంలో సిద్ధంగా నిలబడింది.

"నువ్వెందుకు? నీకు రాళ్లంటే పడదుగా!"

"ఇంట్లో రాళ్లన్నీ పోయాయి. వెతుక్కుందామని."

వాగులో సంఘం విజృంభించింది. ఎర్రది దొరికింది, తెల్లది దొరికింది. డాక్టరుగారు నల్లరాయిని ఎత్తి చూపారు. "మూడు రాళ్లు, ఒకదానికొకటి చుట్టరికం లేదు! ఒకే వాగులోకి ఎలా వచ్చాయి?" నల్లరాయి అడుగున బంతిమొక్క వేరు వేలాడుతోంది.

"బదిలీ మీద వచ్చాయండీ," అంది రుజువుగారి భార్య గొడుగు కింది నుంచి. "అది మా కుండీ కిందిది."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఈయనకు బదిలీ అయినప్పుడల్లా, ఖాళీ చేస్తున్న ఇంటి పెరట్లోంచి ఒక రాయి తెచ్చుకునేదాన్ని. పొద్దస్తమానం నేనూ, ఆ కొత్త ఇల్లూ. ఎప్పుడొస్తారంటే 'పనయ్యాక' అనేవారు. ఎవరితో మాట్లాడను? రాళ్లయితే రుజువు అడగవు."

డాక్టరుగారు భూతద్దం దించారు. "ఏ రాయి ఏ ఊరిదో గుర్తుందా, అమ్మా?"

ఉంది. ఊరే కాదు, పెరడూ, పెరట్లో మూలా గుర్తున్నాయి. సంఘం ఆవిడ చుట్టూ మూగింది. అంతమందిని నవ్విస్తూ ఆవిడ అంతసేపు మాట్లాడగలదని రుజువుగారికి ఇన్నేళ్లలో ఏ ఆధారమూ దొరకలేదు. లేదా, వెతకలేదు.

"నియమం ప్రకారం, ఏరినవారికే సభ్యత్వం," ప్రకటించారు డాక్టరుగారు. రుజువుగారికి రాళ్ల సంచి అప్పగించారు. అందరూ కబుర్లాడుకుంటూ ముందు నడిచారు. ఆయన బరువుతో వెనక నడిచారు.

తరువాతి ఆదివారం ఆవిడ కొత్త చెప్పులు వేసుకుంది. రాళ్లు సంఘంలో ప్రదర్శనకు వెళ్లాయి గనక, తలుపు కొట్టుకోకుండా రుజువుగారు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కాలు అడ్డం పెట్టారు.

"ఏమోయ్, ఎప్పుడొస్తావు?"

"పనయ్యాక," అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

వీధి తలుపు మూసుకుంది. గడియారం మాట్లాడడం మొదలుపెట్టింది. ఊరూరా తక్కెడలన్నీ సరిచూసిన ఆ అధికారి, ఖాళీ ఇంట్లో ఒక పగలు ఎంత బరువుంటుందో అప్పుడు తూచడం మొదలుపెట్టారు.