డాక్టరమ్మ మాయకోట

పళ్ల డాక్టరమ్మ ఆ రోజు పొద్దున్నే క్లినిక్ తలుపు తీసింది వైద్యం చేయడానికి కాదు, ఆడుకోవడానికి. పాపం, ఆవిడనని ఏం లాభం? బోర్డు పెట్టి నెలైనా ఒక్క పుచ్చుపన్నూ గడప తొక్కలేదు. "నెలలోగా ఒక్కరైనా రాకపోతే మూసేసి నీ ఆసుపత్రిలోనే చేరతా అన్నయ్యా" అని మాటిచ్చేసింది. ఆ గడువు ఇవాళ్టితో సరి. సొంత క్లినిక్ అంటే ఆవిడకు ప్రాణం. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

ఆ దిగులు మరిచిపోదామని అటకమీంచి చిన్ననాటి మాయకోట ఆటను దింపి తెచ్చింది. పరుచుకునే అట్ట, ఏడుగురు ప్లాస్టిక్ సైనికులు, మధ్యలో బ్యాటరీలతో నడిచే నల్ల బురుజు. మీట నొక్కితే బురుజు తిరుగుతుంది, లోపలి రాక్షసుడు గర్జిస్తాడు, సైనికుడు పడితే కెవ్వుమని కేక. కానీ ఇప్పుడు ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూత తీస్తే లోపలంతా తుప్పు. ఇంకెవరైనా అయితే గుడ్డపెట్టి తుడిచేవారు. ఈవిడ మాస్కు కట్టుకుని, పళ్లు తొలిచే డ్రిల్లు అందుకుంది.

సరిగ్గా అప్పుడే ముందుగదిలో ముగ్గురు ఊడిపడ్డారు. బుగ్గ వాచిన టీచరమ్మ, ఆవిడ వెనక దర్జీ, దవడ పట్టుకుని ఒక డ్రైవరు. అక్కడ పేర్లు రాసుకోవడానికి కూర్చునే డాక్టరమ్మ పిన్ని ఉబ్బితబ్బిబ్బయిపోయింది.

"కూర్చోండి, కూర్చోండి. అమ్మాయి పనిలో ఉంది, ఇప్పుడే పిలుస్తుంది."

లోపల డ్రిల్లు జుయ్యిమంది.

"బాబోయ్, ఎంత లోతుకు పాకిందో!" అంది డాక్టరమ్మ గొంతు. కాసేపటికి ఒక గర్జన. వెంటనే కెవ్వున కేక.

"హమ్మయ్య, అరిచాడు!"

దర్జీ గభాలున నోరు మూసుకున్నాడు. మళ్లీ కేక.

"ఇద్దరు పోయారు. ఇంకా ఐదుగురున్నారు."

"లోపల ఎంతమంది ఉన్నారండీ?" వణుకుతూ అడిగింది టీచరమ్మ.

"అబ్బే, ఎవరూ లేరమ్మా" అని పిన్ని ధైర్యం చెప్పింది.

"మరి ఆ కేకలు?"

"అవా! చిన్నప్పుడూ అంతే, రోజూ ఇల్లంతా కేకలే. వాళ్లన్నయ్య మంచం కింద దాక్కునేవాడు."

"ఏడుగురూ పోయారు! మళ్లీ మొదలెడదాం" అని లోపల్నుంచి వినబడటమే ఆలస్యం, ముగ్గురూ పరుగో పరుగు. డ్రైవరు పరిగెడుతూనే పోలీసులకు ఫోన్ చేశాడు.

మంచినీళ్లకని బయటికొచ్చిన డాక్టరమ్మకు పిన్ని సంగతి చెప్పింది. "వచ్చిన ముగ్గుర్నీ నా చేతులారా తరిమేశానా పిన్నీ!" అంటూ బావురుమంది.

అంతలో పోలీసాయన వచ్చాడు. లోపలికి నడిచి, టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"ఇక్కడ ఏడుగురు పోయారని ఫిర్యాదు."

ఆవిడ ఏడుస్తూనే వెనకే వెళ్లి మీట నొక్కింది. కెవ్వు! ఎగిరిపడ్డ పోలీసాయన, విషయం అర్థమై పగలబడి నవ్వాడు. అంత పెద్ద నోరు తెరుచుకునేసరికి డాక్టరమ్మ ఏడుపు ఆగిపోయింది.

"ఆ పుచ్చుపన్ను ఎన్నాళ్లనుంచండీ?"

"ఆర్నెల్లు. అంటే... పీకించుకోవాలంటే భయమేసి..."

"మీరు ఆడుతూ ఉండండి. నేను చూస్తాను."

సూదిమందుకు దవడ మత్తెక్కింది, ఆట రంజుగా సాగింది. నాలుగో సైనికుడు పడేలోపు పన్ను డాక్టరమ్మ చేతిలో ఉంది.

బయట జనం గుమిగూడారు. మొద్దుబారిన మూతితో, నోటినిండా దూదితో పోలీసాయన గుమ్మంలోకొచ్చాడు. "ఏమైంది సార్?" అని జనంలోంచి ఇందాక పారిపోయిన ముగ్గురూ ఎదురొచ్చారు. ఆయన "ఊఁ... ఊఁ..." అని, మాట రాక విసుగెత్తి, కళ్లెర్రజేసి క్లినిక్ లోపలికి వేలు చూపించాడు. ముగ్గురూ కిక్కురుమనకుండా వెళ్లి కుర్చీల్లో కూర్చున్నారు.

"తర్వాత ఎవరండీ?" అంది డాక్టరమ్మ సంతోషంగా.

పోలీసాయన చూపించింది లోపల మరిచిపోయిన తన టోపీని.