గోడకెక్కిన సోఫా

ఆ రోజుకి మున్సిపల్ ఆఫీసు సూపరింటెండెంటు వేసుకున్న పథకం చాలా చిన్నది. చౌరస్తాలో కొత్త గోడ ప్రారంభోత్సవం దగ్గర కమిషనరుగారి పక్కన నిలబడాలి. ఆయన నవ్వితే నవ్వాలి, చప్పట్లు కొడితే కొట్టాలి. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి కాళ్ళు చాపుకోవాలి. ఊరి చివర నీళ్ళ పంపుల స్టేషనుకి ఆఫీసులో ఒకరిని బదిలీ చేస్తారని వారం రోజులుగా గుసగుసలు నడుస్తున్నాయి. ఆ ఒకరు తాను కాకుండా ఉండాలంటే ఇలాంటి రోజుల్లో నవ్వు మరీ ముందూ రాకూడదు, మరీ వెనకా పడకూడదు.

ఒక బూటు తొడుక్కుని రెండోది చేతిలోకి తీసుకునేసరికి ఫోను మోగింది. కమిషనరుగారు.

"ఏమయ్యా, ఇవాళ ఆ గోడ గొడవ అయిపోయాక మీ ఇంటికొచ్చి టీ తాగుతాను. నేనిచ్చిన సోఫా మీద కూర్చుని తాగాలి, సరేనా? ఓ చిన్న మాట కూడా మాట్లాడాలి."

"అంతకంటేనా సార్! మా అదృష్టం సార్!" అన్నాడు సూపరింటెండెంటు. ఫోను పెట్టేసి, ఒంటి బూటుతో అలాగే కూర్చుండిపోయాడు.

"ఎవరండీ?" అంది భార్య వంటింట్లోంచి.

"కమిషనరుగారు. టీకి వస్తారట. సోఫా మీద కూర్చుంటారట."

"ఏ సోఫా మీద?"

ఆ ప్రశ్నకి ఇద్దరికీ సమాధానం తెలుసు.

ఆ సోఫాని కమిషనరుగారు కిందటి వర్షాకాలంలో "నువ్వు నా సొంత మనిషివి" అంటూ బహుమతిగా పంపారు. దెబ్బ తగిలిన చోట వారం తర్వాత తేలే రంగు దానిది. ఎవరైనా కూర్చుంటే తోక తొక్కిన పిల్లిలా అరిచేది. కూర్చున్నవాళ్ళు అలా లోపలికి దిగిపోతూ, మోకాళ్ళు గడ్డానికి తగిలే దగ్గర ఆగేవారు. పైకి రావాలంటే ఇంకొకరు చెయ్యందించాలి. ఓసారి అత్తగారు చూడవచ్చి దాని మీద కూర్చున్నారు. చెయ్యందించేవాళ్ళు ఇంట్లో లేక భోజనం కూడా అందులోనే చేశారు. ఆ మర్నాడే సోఫా బావమరిది క్షౌరశాలకి చేరింది. తలకి రంగు వేయించుకున్నవాళ్ళు అది ఆరేదాకా కదలకుండా కూర్చోవాలి కదా, దానికి ఇంతకంటే అనువైన ఆసనం దొరకదని బావమరిది కూడా సంతోషించాడు.

"మీరు వెళ్ళండి. నేను తమ్ముడికి చెప్పి తెప్పిస్తాను," అంది భార్య. "మీరు మాత్రం మొహం మామూలుగా పెట్టుకోండి. నిజం దాచినప్పుడల్లా మీ చెవులు ఎర్రబడతాయి."

చౌరస్తా అప్పటికే కిటకిటలాడుతోంది. గ్రంథాలయం గోడ మొత్తాన్నీ కప్పేస్తూ పెద్ద తెర కట్టారు. ఆ తెర తయారుచేసిన కళాకారిణి కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. నిద్రలేక ఆమె కళ్ళు ఉబ్బాయి, ఉత్సాహానికి మాత్రం లోటు లేదు.

"చాలా సులువు సార్," అంది సూపరింటెండెంటుతో. "జనం తమ ఫోను ఈ గోడకి కలుపుకుంటారు. వాళ్ళు పంపిన మాటలు అక్షరాలై తెర మీద ఎగురుతాయి. ముందు ఎవరు నిలబడితే వాళ్ళ నీడ తెర మీద పడుతుంది, అక్షరాలు వచ్చి ఆ నీడ నెత్తి మీద వాలతాయి. చేత్తో తోలితే ఎగిరి ఇంకొకరి మీద వాలతాయి. ఇంట్లో కూర్చుని ఫోనులో ఎన్నో అనేస్తుంటాం కదా, అవే మాటలు వీధిలో మన నెత్తి మీద కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలని."

"బ్రహ్మాండం!" అన్నాడు సూపరింటెండెంటు. ఆయన మనసు సోఫా దగ్గరుంది.

"ఒక్కసారి మీ ఫోను కలుపుతారా? పరీక్ష చేద్దాం."

ఆయన కలిపాడు. ఫోను ఏదో అడిగింది. కింద రెండు మీటలు కనిపించాయి. ఒకదాని మీద 'నేను ఎంచుకున్నవి మాత్రమే' అనీ, రెండోదాని మీద 'వచ్చినవన్నీ' అనీ ఉంది. కొన్న రోజు నుంచి ఆ ఫోను అడిగిన ఏ ప్రశ్ననీ ఆయన చదివిన పాపాన పోలేదు. పచ్చగా, పెద్దగా ఉన్నదాన్ని నొక్కడం ఆయన అలవాటు. పచ్చగా ఉన్నది రెండోది. 'పరీక్ష' అని ఆమె పంపిన మాట ఆయన ఫోనుకి వచ్చి, అక్కణ్ణించి గోడ మీద రెక్కలల్లార్చింది. ఆమె మురిసిపోయింది. ఆయన ఫోను మోగకుండా చేసి, జేబులో వేసుకుని వేదికెక్కాడు.

వేదిక తెరకి సరిగ్గా ముందుంది. దాని మీదివాళ్ళకి జనం కనిపిస్తారు, తెర కనిపించదు. జనంలో ముందు వరసలో కమిషనరుగారి భార్య కూర్చున్నారు.

కమిషనరుగారు గొంతు సవరించుకున్నారు. "ఒకప్పుడు మనుషులు చౌరస్తాలో కలుసుకుని మనసు విప్పి మాట్లాడుకునేవారు..."

ఆయన వెనక, ఏనుగంత అక్షరాలతో, సూపరింటెండెంటు ఫోనులోని కుటుంబ గ్రూపు నుంచి, అందులో రాసుకున్న పేర్లతో సహా, ఒక మాట తేలింది.

'ఇంటి పై అధికారి: ఒరేయ్ తమ్ముడూ, ఆయన టీకి వస్తున్నారట. ఆ దిక్కుమాలిన సోఫా వెంటనే ఇంటికి పంపు.'

'బావమరిది – ఎత్తొద్దు: ఇప్పుడెలా అక్కా? దాంట్లో హెడ్మాస్టరుగారు ఉన్నారు. తలకి రంగేశాను.'

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. కమిషనరుగారికి హుషారొచ్చింది. "నవ్వండి, నవ్వండి! ఈ కాలంలో నవ్వే తీరిక ఎవరికుంది?"

'అత్తగారు: ఏ సోఫా? నేను ఇరుక్కుపోయినదేనా?'

'ఇంటి పై అధికారి: అదే అమ్మా. ఒరేయ్, లేపేసి పంపు.'

'బావమరిది – ఎత్తొద్దు: లేవనంటున్నారు. లేస్తే రంగు మెడ మీదికి కారుతుందట. అసలు లేవలేరు కూడా.'

'ఇంటి పై అధికారి: అయితే ఆయనతో సహా మోసుకొచ్చెయ్. చౌరస్తా మీదుగా రా. అందరూ గోడ చూస్తుంటారు, నిన్నెవరు చూస్తారు?'

చౌరస్తా గొల్లుమంది. కళాకారిణి ఆనందంతో లేచి నిలబడింది. ఊరివాళ్ళు తన గోడని ఇంత త్వరగా అర్థం చేసుకుంటారని, అంతలోనే చిన్న నాటిక కూడా కట్టేస్తారని ఆమె కల్లో కూడా అనుకోలేదు. జనమూ అదే అనుకున్నారు. ఫోన్లు తీసి తలా ఒక సలహా పంపడం మొదలుపెట్టారు. 'మోయకండి, అమ్మెయ్యండి.' 'హెడ్మాస్టరుగారికి ఏ రంగు వేశారు?' 'టీకి వచ్చే ఆ మహానుభావుడెవరో?' ఆఖరి మాట గాల్లో ఒక చుట్టు తిరిగి, సరిగ్గా కమిషనరుగారి నీడ నెత్తి మీద వాలింది. అదే సమయానికి ఆయన మెడ మీద ఈగ వాలడంతో చెయ్యి విదిలించారు. మాట ఎగిరి సూపరింటెండెంటు నీడ మీద కూర్చుంది. జనం కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు.

"నా ఉపన్యాసానికి ఇంత స్పందన ఎప్పుడూ రాలేదయ్యా," అన్నారు కమిషనరుగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

"మీరు మాట్లాడితే అంతే సార్," అన్నాడు సూపరింటెండెంటు, నవ్వు సరైన కొలతలో పెట్టి.

అప్పుడే జనం రెండుగా చీలారు. మధ్యలోంచి సోఫా వచ్చింది. ముందు బావమరిది, వెనక అతని షాపు భాగస్వామి. సోఫా నడుమ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని హెడ్మాస్టరుగారు. తల నిండా నల్లరంగు, మెడ చుట్టూ తెల్లగుడ్డ. అడుగు పడినప్పుడల్లా సోఫా పిల్లిలా అరుస్తోంది.

"వచ్చేసింది! వచ్చేసింది!" అని చప్పట్లు మోగాయి.

బావమరిది బిత్తరపోయాడు. తనని ఎవరూ చూడరని చెప్పిన దారిలో ఊరంతా తనవైపే చూస్తోంది. సోఫాని వేదిక ముందే దింపేశాడు.

"ఆపావేం నాయనా?" అన్నారు హెడ్మాస్టరుగారు లోపల్నుంచి. "తల ఆరిపోతోంది. కడగాలి."

సూపరింటెండెంటు చెవులు ఎర్రబడ్డాయి. జనం చూపుడువేళ్ళు ఎటు తిరిగాయో చూద్దామని వెనక్కి తిరిగాడు. గోడ నిండా తన భార్య పరచుకుని ఉంది. 'ఇంటి పై అధికారి: చేరిందా? మీ బావకి చెప్పకు, కంగారుపడి చస్తారు.' ఆ గ్రూపులో ఆయన కూడా ఉన్నాడన్న సంగతి ఆవిడ మరిచిపోయింది.

ఆయన ప్రాణం జారి బూటులోకి పోయింది. చేత్తో జేబు తడిమాడు. చెమటకి ఫోను తెర వేలి మాట వినడం లేదు.

కమిషనరుగారు గోడ వైపు చూడలేదు. ఆయన చూపు సోఫా మీదే ఉంది. ఆయన మొహం సోఫా రంగుకి తిరిగింది. ఎందుకంటే ముందు వరసలోంచి ఆయన భార్య లేచి, నెమ్మదిగా సోఫా దగ్గరికి వెళ్ళి, దాని చేతిని నిమిరి చూస్తున్నారు.

"ఏమండీ," అన్నారావిడ. "ఇది మా నాన్న మనకిచ్చిన సోఫా కదూ? బాగుచెయ్యడానికి షాపుకి పంపానన్నారు?"

కమిషనరుగారు మైకు వెనక ఫోను తీసి, కిందికి చూడకుండా రెండు బొటనవేళ్ళతో గబగబా కొట్టడం మొదలుపెట్టారు. సూపరింటెండెంటు అది చూసి రెండు చేతులూ ఊపాడు. వద్దు, వద్దు అని తల అడ్డంగా తిప్పాడు. 'నాకేం అర్థం కావట్లేదు, వివరంగా చెప్పండి' అంటున్నాడనుకుని కమిషనరుగారు ఇంకా వివరంగా రాసి, పంపేశారు.

గోడ మీది మాటలన్నీ చెదిరిపోయాయి. కొత్తది వచ్చి మధ్యలో నిలబడింది.

'కమిషనరు – నవ్వుతూ మాట్లాడాలి: సోఫా బాగుచేసే షాపు నుంచే వస్తోందని చెప్పు. దాన్ని వదిలించుకోవడానికే నీకు అంటగట్టానని మా ఆవిడకి తెలిస్తే నా పని అయిపోతుంది. ఇవాళ టీకి వస్తానన్నది తిరిగి అడగడానికే. నన్ను కాపాడు, నీకు పంపుల స్టేషను తప్పిస్తా.'

అక్షరాలు ఒకసారి రెక్కలు విదిలించి, వెళ్ళి కమిషనరుగారి నీడ నెత్తి మీద గుంపుగా కూర్చున్నాయి. ఆయన అప్పుడు వెనక్కి తిరిగారు. చేత్తో తోలారు. అవి లేచి గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడే వాలాయి.

ఆయన భార్య మొత్తం చదివారు. తొందరపడలేదు. గోడ మీద అక్షరాలు పెద్దవి కాబట్టి కళ్ళజోడు కూడా వెతుక్కోలేదు.

"సూపరింటెండెంటుగారూ," అన్నారు. "ఇది మీకు బహుమతిగా ఇచ్చారా?"

"అవునమ్మా," అన్నాడాయన. చెవులు దాచుకునే మార్గం లేదు.

"మీరు ఎప్పుడైనా దీని మీద కూర్చున్నారా?"

"ఒకసారి కూర్చున్నానమ్మా. మా అబ్బాయి లాగాడు."

ఆవిడ పెదవులు కదిలాయి. నవ్వో కోపమో ఎవరికీ తెలియలేదు. "మా నాన్న కూడా దీన్ని వదిలించుకోవడానికే మాకిచ్చారు. నాకు పెళ్ళయిన రోజు నుంచీ తెలుసు. దీని సంగతి ఈయన నాతో ఒక్కమాట అంటే ఆనాడే చౌరస్తాలో పారేసేదాన్ని. అనలేదు కదా. కాబట్టి ఇంటికి వెళ్ళాల్సిందే." భర్త వైపు తిరిగారు. "మీరు ఆ చివర పట్టుకోండి."

కమిషనరుగారు కోటు విప్పి ఒక చివర పట్టుకున్నారు. రెండో చివర సూపరింటెండెంటు పట్టుకున్నాడు. హెడ్మాస్టరుగారిని దింపుదామని ముగ్గురు లాగి చూశారు కానీ, రాలేదు. తెర మీద రెండు నీడలు ఒక సోఫాని మోస్తూ, దాంట్లోంచి మూడో నీడ "తల కడగండయ్యా!" అని చేతులూపుతూ సాగిపోయాయి. దారి పొడవునా జనం చప్పట్లు కొట్టారు. కళాకారిణి ఏడ్చేసింది.

మర్నాడు పత్రికలు ఆ గోడని ఆకాశానికెత్తేశాయి. ఒక అధికారి ప్రజల మధ్య తన్ను తాను ఇంత నిర్భయంగా బయటపెట్టుకోవడం అపూర్వమని ఒక విమర్శకుడు రాశాడు. ఇంకో మూడు ఊళ్ళవాళ్ళు ఆ నాటికని అదే నటులతో వెయ్యమని అడిగారు. పంపుల స్టేషనుకి ఎవరినీ పంపలేదు.

అప్పటినుంచి ఆఫీసులో ఎవరికి ఏ మాట చెప్పాలన్నా కమిషనరుగారు స్వయంగా నడిచివచ్చి, వాళ్ళ ఫోను బల్ల సొరుగులో పెట్టించి, చెవిలో చెబుతున్నారు.