రాయరాదని రాసిచ్చిన సౌమ్య

చదవడం, రాయడం కష్టమయ్యే పిల్లల పట్ల మన వ్యవస్థకున్న కరుణ అపారం. అది సరిగ్గా పద్నాలుగు పేజీలుంటుంది.

హన్మకొండలోని ప్రత్యేక అభ్యసన సహాయ కేంద్రానికి (దాని బోర్డులో మూడు అచ్చుతప్పులున్నాయి, వాటికి చికిత్స ఇంకా మంజూరు కాలేదు) నిరుడు సెప్టెంబరులో కట్టమ్మ తన కూతురు సౌమ్యను తీసుకొచ్చింది. కట్టమ్మ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏరుతుంది. సౌమ్య పదో తరగతి. పాఠం ఒక్కసారి వింటే పొల్లుపోకుండా అప్పజెబుతుంది. కాగితం మీదే అక్షరాలు ఆమెకు కుదురుగా నిలబడవు. 'ప' ఎక్కడ ఆగి 'వ' ఎక్కడ మొదలవుతుందో తేల్చుకునేలోపు తరగతి అంతా పేజీ తిప్పేస్తుంది. తొమ్మిదేళ్లుగా బడి దీనికి ఒకటే వైద్యం చేసింది: వెనక బెంచీ.

కేంద్రంలో థెరపిస్టు నిర్మల మేడం నాలుగు రోజులు పరీక్షించి, సౌమ్య తెలివిలో లోపం లేదని, పరీక్షలో ఒక గంట ఎక్కువిస్తే పాసవుతుందని రాసిచ్చింది. ఆ గంటను మంజూరు చేయించే బాధ్యత పర్యవేక్షకులు రాజమౌళి గారిది. ఆయన పద్నాలుగు పేజీల దరఖాస్తు ఫారం చేతికిచ్చారు.

"అమ్మాయే సొంత దస్తూరితోని నింపాలె. కొట్టివేతలుంటే చెల్లదు."

"రాయొస్తే మీ దగ్గరికెందుకొస్తం సారూ?" అంది కట్టమ్మ.

"రాయరాదని రాసిస్తెనే కదమ్మా, రాయరాదని మాకు తెలిసేది!"

ఆయన కసురుకోలేదు. కుర్చీ కూడా చూపించారు. (తొమ్మిదో నిబంధన ప్రకారం కుర్చీ చూపించాలి, కూర్చోమనడం ఐచ్ఛికం.)

నిర్మల పళ్లెంలో ఇసుక పోసింది. "కండ్లతోటి కాదు సౌమ్యా, వేలితోటి పట్టుకో అక్షరాన్ని," అంది. రోజూ బడి వదిలాక గంటసేపు అదే పని. చేత్తో దిద్దడం, పైకి అనడం, చెరపడం, మళ్లీ దిద్దడం. డిసెంబరులో ఒక సాయంత్రం సౌమ్య కాగితం మీద తప్పు లేకుండా ఒక వాక్యం రాసింది: 'నాకు చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉంది.'

"మేడం, గిది నేనే రాసిన్నా?"

కట్టమ్మ మిర్చి ఘాటు అంటుతుందని చేతులు వెనక్కి పెట్టుకుని, ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. ఆమెకూ చదువు రాదు. అయినా చూసింది.

జనవరి చివరికి పద్నాలుగు పేజీలూ పూర్తయ్యాయి. కమిటీ కూడి తీర్మానించింది: 'దరఖాస్తు తప్పుల్లేకుండా ఉన్నందున, అభ్యర్థికి ఏ ఇబ్బందీ లేదని సంతృప్తి చెందడమైనది.'

నిర్మల రాజమౌళి గారి గదిలోకి పరుగున వెళ్లింది. "సార్, అది రాయడానికి ఆ పిల్లకు నాలుగు నెలలు పట్టింది. పరీక్ష మూడు గంటలే!"

"ఫారంల టైం అనే కాలమ్ లేదు మేడం. మీ కష్టం ఫలించింది, జర సంతోషపడుండ్రి."

కేంద్రం నూటికి నూరు శాతం ఫలితాలు ప్రకటించింది. సభ పెట్టి సౌమ్యకు శాలువా కప్పారు. ఫొటోలో ఆమె ఒక్కతే నవ్వలేదు.

మార్చిలో మొదటి పరీక్ష ముగిశాక కట్టమ్మ గేటు దగ్గర ఎదురొచ్చింది. "ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"అన్నీ ఎరుకేనే అమ్మా. సగం కాడికి వచ్చేసరికే గంట కొట్టిన్రు."

మూడు సబ్జెక్టులు పోయాయి. మళ్లీ దరఖాస్తు పెట్టుకుందామని తల్లీకూతుళ్లు కేంద్రానికి వెళ్లారు. నిర్మల గదికి తాళం వేసి ఉంది. జబ్బు నయమైన జిల్లాలో థెరపిస్టు మిగులు సిబ్బంది కింద లెక్కట. ఆమెను ఎక్కడికి పంపారో ఎవరూ చెప్పలేదు. రాజమౌళి గారు మర్యాదగా ఒక ఉత్తర్వు తీశారు.

"దీంట్ల ఏమున్నది సారూ?" అడిగింది కట్టమ్మ.

"మేం చదివి వినిపియ్యొద్దమ్మా. నయమైనోళ్లు సొంతంగ చదువుకోవాలె," అని ఆయన కాగితం సౌమ్య చేతిలో పెట్టారు.