కేసరికి నిగ్రహం నేర్పిన విధం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మా కుక్కను బాగుచేయాలని పట్టుపట్టారు.

ముందే చెబుతున్నాను, నిగ్రహం లేని రిట్రీవర్ ఇంటికి వరం! పక్కింటివాళ్లు దాన్ని బెడద అంటారు. వాళ్లింట్లో ఉన్నది అరిచేతంత పామరేనియన్, వాళ్లకేం తెలుస్తుంది?

మా కుక్క పేరు కేసరి. సింహం అనుకునేరు! మా వేలూరులో కేసరి అంటే నెయ్యి కారే రవ్వ కేసరి. ఆయనకు షుగరని డాక్టరు తీపి మాన్పించిన రోజుల్లోనే ఈ బంగారు రంగు పిల్ల మా ఇంటికి వచ్చింది. తినే యోగం లేకపోయినా పిలిచే యోగమైనా ఉండాలని ఆయనే ఆ పేరు పెట్టారు.

ఇక దాని ఉపకారాలు వినండి. గేటు చప్పుడైతే చాలు, వచ్చినవాళ్ల భుజాల మీద కాళ్లు వేసి ముఖమంతా నాకేస్తుంది. టిఫిన్ వేళకు వచ్చి దీపాలు పెట్టేదాకా కదలని చుట్టాలు ఇప్పుడు ఫోన్లోనే కుశలం అడుగుతున్నారు. ఇన్సూరెన్స్ ఏజెంటు మా వీధే మానేశాడు. ఇంతకన్నా ఏ వాచ్‌మన్ మాత్రం ఏం చేస్తాడు?

వాకింగ్ అంటే మోకాలు పట్టుకునే మా ఆయనను, ఒక్క పావురం కనిపిస్తే కోట మైదానం ఆ కొసదాకా పరుగు తీయిస్తుంది. గొలుసు ఆయన చేతిలో ఉందని చూసేవాళ్లు అనుకుంటారు, పాపం! ఆరేసిన గుడియాత్తం లుంగీలను తీగ మీది నుంచి అదే ఇంట్లోకి లాక్కొస్తుంది. వానొస్తే పరుగెత్తి బట్టలు తీసే బాధ నాకు తప్పింది. వాన రాని రోజుల్లోనూ తప్పింది!

ఇంతటి ఉపకారి మీద నింద పడింది. ఎదురింటివాళ్ల కోసం చేసిన రవ్వ కేసరి, నేను స్నానం చేసి వచ్చేసరికి సగమైంది. ‘కేసరి తినేసినాది’ అని మా ఆయన సాక్ష్యం చెప్పారు. తిని, మళ్లీ గిన్నె మీద మూత కూడా పెట్టిందంటే ఎంత పద్ధతైన కుక్క! నేను మెచ్చుకున్నాను. ఆయన మాత్రం మండిపడ్డారు. నిగ్రహం లేనివాళ్లకు ఈ ఇంట్లో చోటు లేదట. నేర్చుకుంటే సరి, లేకుంటే ఆలంగాయంలో స్నేహితుడు దేవేంద్రన్ మామిడితోటకు పంపేస్తారట.

మధ్యాహ్నం పూట మా ఇంట్లో నా మాటను చెవులు నిక్కించి వినేది అదొక్కటే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే వినాలి కదా!

శిక్షణ మొదలైంది. వీడియో చూసి ‘స్టే’ అన్నారు. కుక్క తోక ఊపింది. తమిళంలో ‘ఇరు’ అన్నారు. బిస్కెట్టు మింగింది. చివరికి తెలుగులో ‘ఉండు’ అంటే కూర్చుంది. ‘సరే’ అనేదాకా, ముక్కు ముందు ఏం పెట్టినా కదలదు; అన్నామా, ఒక్క దూకులో మింగేస్తుంది. శిష్యుడు చొంగ కారుస్తుంటే గురువుగారు ఎదురుగా కూర్చుని ఆ బిస్కెట్లే తినేవారు. తీపి లేనివే లెమ్మన్నారు.

పరీక్ష గుడియాత్తంలో జరిగింది. మా ఆడబిడ్డ ఇంద్రాణి వదిన కూతురు సుమితకు పెండ్లిచూపులు. కుక్కను ఒంటరిగా వదల్లేక వెంట తీసుకుపోయి, వంటింటి వెనక వసారాలో కూర్చోబెట్టాం. ఇవాళ ఎగిరిందంటే ఇటునుంచి ఇటే ఆలంగాయం అని ఆయన తీర్పు కూడా చెప్పేశారు.

పెండ్లిచూపులంటే మావైపు బజ్జీ, కేసరి పెట్టాల్సిందే. నేను హాల్లో మగపెండ్లివాళ్లకు బజ్జీలు పెడుతున్నాను. అంతలో వదిన భర్త జయరాములన్నయ్య వంటింటివైపు తిరిగి గొంతెత్తారు.

‘కేసరి తీసుకురాండమ్మా.’

వసారాలో గోళ్ల చప్పుడు! నా గుండె అప్పుడే ఆలంగాయం బస్సెక్కింది. వంటింట్లోకి పరుగెత్తాను. వెనక గుమ్మంలో కుక్క. పొయ్యి దగ్గర, కేసరి గిన్నె మీదికి వంగి, గరిటెతో మా ఆయన.

‘ఉండు’ అన్నాను, హాలంతా వినబడేలా.

కుక్క టక్కున కూర్చుంది. గరిటె నోటికి జానెడు దూరంలో ఆగింది.

పెళ్లయిన నాటినుంచి ఆయనతో ‘అండి’ లేని మాట మాట్లాడి ఎరగను. లోపలి గదిలో సుమితకు పూలు పెడుతున్న వదిన బయటికి వచ్చేసింది.

‘ఏమ్మే, మొగుణ్ణి ఉండు అంటా ఉండావు?’

‘కుక్కను అంటి వదినా.’

అబద్ధం కాదు. కుక్క కూడా అక్కడే ఉంది కదా!

వదిన గిన్నెలోకి చూసింది. నడిమధ్య బావి తవ్వినట్టుంది. హాల్లో వాళ్లకు ఇంక ఏం పెట్టేది, ఎవరు తినిందని నిలదీసింది. మా ఆయన చూపు కుక్క మీదికి పోయింది.

‘కేసరి తినే...’ అని మొదలుపెట్టారు.

కుక్క కదల్లేదు. అంత నెయ్యి వాసనలో, ముందర చొంగ మడుగు కడుతున్నా, కూర్చోమన్న చోటే కూర్చుని, తనకు పాఠం చెప్పిన మనిషి ముఖంలోకే చూస్తోంది.

ఆయన గరిటె కింద పెట్టేశారు.

‘కేసరి తినింది కేసరి కాదక్కా, నేను. ఆ పొద్దు మా ఇంట్లో తినిందీ నేనే. నోరులేని దాని మీద వేస్తి. తప్పు నాదే.’

‘సరే’ అన్నాను.

ఈసారి నిజంగానే ఆయనతో అన్నాను. కుక్కకు ఆ సంగతి తెలియదు.