అయిదుగురికి ఒక కుర్చీ

...అసలు తప్పంతా తనదే అనుకుంటూ నిలబడి ఉంది పెద్ద సిస్టరు. వార్డులో అయిదుగురు నర్సులకు ఒకటే కుర్చీ ఉన్నప్పుడు నోరు మూసుకుని వంతులవారీగా కూర్చుంటే పోయేది. మరో నాలుగు ఇప్పించమని అర్జీ పెట్టుకుంది.

యాజమాన్యం వెంటనే సమానత్వ కమిటీ వేసింది. సభ్యులు మూడుసార్లు మెత్తటి కుర్చీల్లో కూర్చుని లోతుగా ఆలోచించారు. ఒకరు కూర్చోగా నలుగురు నిలబడడం ఘోరమైన వివక్ష అని తేల్చారు. ఆ సాయంత్రమే ఉన్న కుర్చీని పట్టుకుపోయారు.

"కొండనాలుకకి మందేశావు కదక్కా!" అంది చిన్న సిస్టరు.

పోయినవారం ఆ చిన్నదే మందుల బల్ల దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. 'నేల శుభ్రతను స్వయంగా, అతి దగ్గరగా పరిశీలించినందుకు' ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

నెలనెలా ఒక పత్రం వస్తుంది. 'మీరు అలిసిపోయారా?' అవునన్నవారికి డ్యూటీ దిగాక రెండు గంటలు విశ్రాంతిపై శిక్షణ. అది నిలబడే వినాలి. రెండో నెలకల్లా ఆసుపత్రిలో అలసట సమూలంగా నశించింది. పెద్ద సిస్టరు కూడా 'లేదు' అనే రాసింది. రాసిన రోజున ఇంటికెళ్ళి గోడకానుకుని అన్నం తింటుంటే కూతురు నవ్వింది. "కూర్చో అమ్మా, ఇక్కడెవరూ చూడరులే!" మోకాళ్ళు ఎలా వంచాలో ఒక్క క్షణం గుర్తురాలేదు.

ఈరోజు వార్డుకు 'అలసట ఎరుగని వార్డు' పురస్కారం. ఛైర్మన్‌గారి కోసం మంచాల మధ్య కుర్చీ వేశారు. పట్టుకుపోయిన పాత కుర్చీయే అది; దాని విరిగిన చేతికి బ్యాండేజీ కట్టు. వార్డులో ఉన్నప్పుడు ఆ కట్టు కట్టింది పెద్ద సిస్టరే.

ఛైర్మన్‌గారు ప్రసంగానికి లేచారు. "సిస్టర్లు మనుషులు కారండీ, దేవతలు! దేవతలకి అలుపేంటి, సొలుపేంటి!"

రోగుల బంధువులు కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒకాయన చప్పట్లు ఆపకుండానే పెద్ద సిస్టరును కసిరాడు. "ఏమ్మా, సెలైన్ అయిపోయింది. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమె వెళ్ళి సీసా మార్చింది. చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసింది. తిరిగొచ్చి, ఛైర్మన్‌గారి వెనక ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

చప్పట్లు ఆగిపోయాయి.

"డ్యూటీలో కూర్చోవడమేంటండీ, మరీ అన్యాయం కాకపోతే!" అన్నాడు సెలైన్ ఆయన.

అందరూ ఔనన్నారు. ఆమె వంగి, ఒక్కొక్క బూటే విప్పి పక్కన పెట్టింది.