బిస్కెట్ల ఫ్యాక్టరీలో రెట్టింపైన జీతం

"నేరం ఎంత లోతున దాక్కున్నా, నా చూపు దానికన్నా జానెడు లోతుకి దిగుతుంది!" అంటూ డేగకన్ను కుర్చీ మీద కాలు పెట్టబోయి చెత్తబుట్టలో పెట్టాడు.

డేగకన్ను అన్నది ఆయన తనకి తానే ఇచ్చుకున్న బిరుదు. జీతాల లెక్కల ఆఫీసులో పాత గుమస్తా. అదే గదిలో తాత్కాలిక గుమస్తాగా ఉన్న బామ్మర్ది ఆ కాలు పైకి లాగాడు. అక్కనిచ్చిన పాపానికి అది అతని వంతు.

ఊళ్ళో జీతాలు పెరిగాయా, తగ్గాయా అన్నది మూణ్ణెల్లకోసారి తేల్చడం ఆ ఆఫీసు పని. ఫ్యాక్టరీలు ఫారాలు పంపుతాయి, వీళ్ళు సగటు తీస్తారు. పెరిగాయని తేలితేనే తాత్కాలికం వాళ్ళకీ నాలుగు రాళ్ళు పెరుగుతాయి. మూడేళ్ళుగా తేలలేదు. ఈసారి బిస్కెట్ల ఫ్యాక్టరీ సగటు జీతం రెట్టింపని రాసి పంపింది. ఊళ్ళోకెల్లా పెద్ద ఫ్యాక్టరీ, మొత్తం లెక్కనే పైకెత్తేసింది. బామ్మర్ది అప్పుడే కూతురి పాదాలకి బూట్ల కొలత కూడా తీసేశాడు.

"రెట్టింపా? ఇందులో కుట్ర ఉంది!" డేగకన్ను భూతద్దం తీసి ఫారం మీది ముద్ర చూశాడు, సంతకం చూశాడు, సిరా వాసన చూశాడు.

"వాసనకి భూతద్దమెందుకు బావా?"

"నోర్ముయ్. శత్రువు వింటాడు."

"యజమాని మంచివాడై పెంచాడేమో. వదిలేద్దూ."

"యజమాని మంచివాడా! నా అనుమానం రూఢి అయిపోయింది. పద!"

డేగకన్ను కూలివాడి వేషం కట్టాడు. చిరిగిన బనీను, తలకి తువ్వాలు, మొహానికి బొగ్గుమసి. కాళ్ళకి మాత్రం తళతళలాడే ఆఫీసు బూట్లు.

"బిస్కెట్ల దగ్గర మసేంటి బావా?"

"మాడినవి ఉండవూ?"

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ బూట్లే జారాయి. డేగకన్ను బోర్లాపడి వాచ్‌మన్ కాళ్ళు పట్టుకున్నాడు.

"లే నాయనా, లే," అన్నాడు వాచ్‌మన్ విసుగ్గా. "కాళ్ళు పట్టుకుంటే పనొస్తుందా? పొట్లాలు కట్టే నలభై రెండు మంది ఆడవాళ్ళనీ తీసేసి మిషను పెట్టారు. ఇక మిగిలింది మేనేజర్లూ మేస్త్రీలూ, పద్దెనిమిది మంది."

"నలభై రెండు మంది మాయం! సామూహిక అపహరణ!" డేగకన్ను ఎగిరి లేచాడు.

"బావా, వాళ్ళు ఆ గోడవారనే కూర్చున్నారు."

"అదే వాళ్ళ ఎత్తుగడ!"

గోడవారనుంచి ఒకామె లేచి వచ్చింది. "అన్నా, లోపల ఎవర్నైనా ఎరుగుదువా? పదకొండేళ్ళు చేశాను. కళ్ళు మూసుకునైనా పొట్లం మడతపెట్టగలను."

బామ్మర్దికి విషయం అంతా అర్థమైంది. చిన్న జీతాలన్నీ వెళ్ళిపోతే మిగిలిన పెద్ద జీతాల సగటు లేస్తుంది. ఎవరికీ చిల్లిగవ్వ పెరగలేదు.

ఆఫీసుకొచ్చి ఫైలు కుట్టు బ్లేడుతో కోశాడు. ఫారం మడిచి కుట్టడం అక్కడి ఆనవాయితీ. 'పనివారి సంఖ్య' అన్న గడి ఎప్పుడూ కుట్టులోకే పోయేది. కిందటిసారి అరవై. ఈసారి పద్దెనిమిది.

"నలభై రెండు మంది ఆడవాళ్ళు మాయం సార్!" అని డేగకన్ను అరిచిన అరుపుకి అధికారి గదిలోంచి బయటికొచ్చాడు. "ఏమిటయ్యా ఇది?" అని బామ్మర్దినడిగాడు.

బామ్మర్ది ఫారం వైపు చూశాడు. 'తెలీదండీ' అంటే చాలు, పెంపు వస్తుంది, కూతురి బూట్లూ వస్తాయి. గోడవారనున్నామె కళ్ళల్లో మెదిలింది. నోటిదాకా వచ్చిన ముద్ద కింద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

"కేసు ఛేదించాం!" అని డేగకన్ను వాడి భుజం చరిచాడు.

అధికారి కళ్ళజోడు తీసి తుడిచాడు. "అంటే, తక్కువ జీతం వాళ్ళని తీసేస్తే సగటు దానంతటదే పెరుగుతుందా?"

"అవునండీ."

"మన ఆఫీసు సగటెందుకు పెరగట్లేదని పైనుంచి ఒకటే పోరు." ఆయన మొహం వికసించింది. "అన్నట్టు, మనలో అందరికన్నా తక్కువ జీతం ఎవరిది?"

గదిలో కుర్చీలన్నీ కిర్రుమంటూ బామ్మర్ది వైపు తిరిగాయి.

"ఎవరూ కదలొద్దు!" డేగకన్ను భూతద్దం పైకెత్తాడు. "ఆ మనిషెవరో సాయంత్రంలోగా పట్టి మీకప్పగిస్తాను సార్!"